టీనేజ్ పిల్లల సాయంత్రాలు ఫోన్‌కే పోకుండా ఎలా చూసుకోవాలి: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకు

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలున్న ఇళ్ళలో రోజూ జరిగే గొడవ ఇంచుమించు ఒకటే. బడి నుంచి వస్తారు, బ్యాగు ఒక మూల పడేస్తారు, ఫోన్ అందుకుంటారు. అన్నానికి పిలిస్తే పలకరు. మూడోసారి పిలిచేసరికి తల్లికి కోపం వస్తుంది, ఫోన్ లాక్కుంటుంది, పిల్లాడు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు. మర్నాడు హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో పెట్టారని ఫోన్ మళ్ళీ చేతికొస్తుంది. వారం తిరిగేసరికి అదే గొడవ మళ్ళీ మొదలు.

ఇంత గొడవలోనూ ఫోన్ తీసేశాక ఆ రెండు గంటలు పిల్లలు ఏం చేయాలో ఎవరూ చెప్పరు. చుట్టూ ఆడుకునే ఖాళీ స్థలాలు తగ్గాయి, పక్కింటి పిల్లలు ట్యూషన్‌లో ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్ళ చేతుల్లోనూ ఫోన్లే. అలాంటి సాయంత్రంలోంచి ఫోన్ ఒక్కదాన్ని తీసేస్తే మిగిలేది విసుగే. అందుకే నా మాట ఏమిటంటే, ముందు ఆ గంటల్లోకి ఒక పని రావాలి, ఆ పనికి ఒక చోటు ఉండాలి, అక్కడ మీ పిల్లల కోసం ఎదురుచూసే మనిషి ఒకరైనా ఉండాలి. ఈ మూడూ కుదిరాక ఫోన్ తగ్గించడం పెద్ద కష్టం కాదు. ఇవి లేకుండా ఎన్ని లాకులు పెట్టినా పిల్లలు పాస్‌వర్డ్ కనుక్కుంటారు.

దీనికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. పరీక్షల ముందు మొదలుపెట్టకండి, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉండే రోజులవి. వేసవి సెలవులు మంచి అదను. లేదంటే దసరా సెలవులయ్యాక బడి గాడిన పడిన వారం.

1. మొదటి వారం చూడండి, ఏమీ అనకండి

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. ఐఫోన్‌లో అయితే స్క్రీన్ టైమ్. ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నారో, రోజుకు ఎన్నిసార్లు ఫోన్ తెరిచారో, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయో అక్కడ కనిపిస్తాయి. పిల్లలకు తెలియకుండా చూడకండి. ఆదివారం పొద్దున పక్కన కూర్చోబెట్టుకుని మీ ఫోన్‌లోది ముందు చూపించండి, తర్వాత వాళ్ళది చూడండి. మీది వాళ్ళకంటే ఎక్కువ వచ్చే అవకాశం బాగానే ఉంది. వస్తే రానివ్వండి, ఇంటి మొత్తానికి సంబంధించిన పని అని పిల్లలకు అప్పుడే అర్థమవుతుంది.

రోజుకు ఐదు గంటలు అని మొత్తం చూసి గుండె బాదుకోవద్దు. ఆ అంకె ఒక్కదానితో ఏమీ తెలియదు. ఒక నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసి ఆ ఐదు గంటలను పంచండి: చదువు, స్నేహితులతో మాటలు, ఏదైనా తయారు చేయడం, ఊరికే చూడడం. మన పిల్లల చదువులో సగం వీడియో పాఠాలే, అది మొదటి గడి. వీడియోలు ఎడిట్ చేసే పిల్లలు, డిజిటల్ బొమ్మలు వేసే పిల్లలు, కోడింగ్ నేర్చుకునే పిల్లలు ఉంటారు, ఆ గంటలు మూడో గడిలోకి వెళ్తాయి. వాటిని రీల్స్‌తో కలిపి తిడితే పిల్లలకు మీ మీద నమ్మకం పోతుంది, అది న్యాయం కూడా కాదు. మనం పట్టించుకోవాల్సింది నాలుగో గడి. అందులోని గంటలు ఏ వేళల్లో వస్తున్నాయో పక్కనే రాయండి.

చాలా ఇళ్ళలో అవి మూడు చోట్ల తేలతాయి: బడి నుంచి వచ్చాక చీకటి పడేదాకా, రాత్రి పడుకునే ముందు, ఆదివారం మధ్యాహ్నం.

2. రాత్రిని ముందు సరిచేయండి

సాయంత్రం సంగతి తర్వాత. నిద్ర చాలని పిల్లలు ఏ కొత్త పనిలోనూ నిలబడరు. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతోంది. తిరుపతిలో పొద్దున ఐదున్నరకు లేచి ట్యూషన్‌కు వెళ్ళే పిల్లలు లెక్కలేనంత మంది. ఐదున్నరకు లేవాలంటే, ఎనిమిది గంటలకైనా, తొమ్మిదిన్నరకు నిద్రలో ఉండాలి. ఈ లెక్క పిల్లల చేతే వేయించండి. మీరు చెబితే సణుగుడు, వాళ్ళే వేస్తే లెక్క.

ఇంట్లో అందరి ఫోన్లకూ ఛార్జింగ్ హాల్లో ఒకే చోట పెట్టండి. పడకగదిలోకి ఏ ఫోన్ వెళ్ళకూడదు, నాన్నది కూడా. "అలారం కోసం కావాలి" అంటారు, కాబట్టి ముందే ఒక మామూలు అలారం గడియారం కొనుక్కు రండి. ఇన్‌స్టాగ్రామ్ వాడే పిల్లలైతే అకౌంట్‌లో అసలు వయసు ఉందో లేదో చూడండి. సరైన వయసు ఇస్తే అది టీన్ అకౌంట్ అవుతుంది. దానిలో రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు ఆగిపోతాయి, రోజులో గంట దాటితే ఇక చాలని గుర్తు చేస్తుంది. పెద్దవాళ్ళ వయసు వేసి తెరిచిన అకౌంట్లో ఇవేవీ పనిచేయవు. యూట్యూబ్‌లో ఒక వీడియో అయ్యాక ఇంకోటి దానంతట అదే మొదలవకుండా ఆటోప్లే ఆపేయండి. గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టుకుంటే ఫోన్ ఏ వేళకు ఆగాలో మీరే నిర్ణయించవచ్చు. పదమూడేళ్ళ వాళ్ళకు అది పనికొస్తుంది. పదిహేడేళ్ళ వాళ్ళకు పెడితే అవమానంగా తీసుకుంటారు, వాళ్ళ విషయంలో మాట మీదే నడవడం మంచిది.

3. ఒప్పందం కాగితం మీద రాసుకోండి

చిన్న కాగితం చాలు. ఎవరు ఏం ఒప్పుకున్నారో రాసి, అందరూ సంతకం పెట్టి, ఫ్రిజ్ మీద అతికించండి. పిల్లల వంతు రెండు మూడు మాటలే ఉండాలి: రాత్రి ఫోన్ హాల్లో ఉంటుంది, అన్నం దగ్గర ఫోన్ ఉండదు, వారంలో ఫలానా రెండు సాయంత్రాలు హాబీకి వెళ్తాను. మీ వంతు కూడా రాయండి. ఆ రెండు సాయంత్రాలు ట్యూషన్ పెట్టం, మార్కులు తగ్గాయని హాబీ మాన్పించం, ఫోన్‌లో మెసేజ్‌లు దొంగతనంగా చదవం. ఈ వంతు రాయకపోతే అది ఒప్పందం కాదు, ఇంకో నిబంధన అవుతుంది.

ఫోన్‌లో ఆటలాడే పిల్లల గురించి ఒక మాట ఇక్కడ చెప్పాలి. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటివి మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టే ఆటలు కావు. నలుగురు జట్టుగా ఆడుతున్నప్పుడు మీ వాడు సడన్‌గా ఫోన్ పెట్టేస్తే మిగిలిన ముగ్గురూ వాడినే తిడతారు. "ఐదు నిమిషాల్లో ఆపు" అన్నప్పుడు పిల్లలు అరిచేది దీనికే, పొగరుతో కాదు. కాబట్టి నిమిషాలతో కాకుండా మ్యాచ్‌లతో లెక్క పెట్టుకోండి.

"ఇప్పుడు ఆడేది ఎంతసేపట్లో అయిపోతుంది నాయనా?"

"ఇంకో పావుగంట పడతాది మా."

"సరే, అది అయినాక ఇంకోటి ఎత్తుకోబాకు. అన్నం అప్పుడే పెడతా."

ఈ మాట పనిచేస్తుంది, ఎందుకంటే పిల్లాడు ఒప్పుకున్నది వాడు నిలబెట్టుకోగలిగేది. రీల్స్, షార్ట్స్ సంగతి వేరు. వాటికి చివర లేదు, అందుకే వాటికి గడియారం కావాలి. యాప్ టైమర్ పెట్టుకునేది వాటికే.

ఒప్పందం దగ్గర పిల్లలు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఫోన్ లేకుండా నేను ఉండలేను." కోప్పడకండి. తిరుమలకు వెళ్ళినప్పటి సంగతి అడగండి. దర్శనానికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, కింద డిపాజిట్ చేసి క్యూ కాంప్లెక్స్‌లో గంటల తరబడి కూర్చుంటాం. ఇంట్లో పది నిమిషాలు ఫోన్ లేకపోతే గిలగిల్లాడే పిల్లలు అక్కడ చెల్లెలితో అంత్యాక్షరి ఆడతారు, పక్కన కూర్చున్న కర్నూలు వాళ్ళతో కబుర్లు చెబుతారు. అక్కడ ఎవరి చేతిలోనూ ఫోన్ లేదు, చుట్టూ మనుషులున్నారు, కూర్చున్నందుకు ఒక కారణముంది. ఈ పరిస్థితిని మన ఊళ్ళో వారానికి రెండు సాయంత్రాలు కల్పించడమే మిగతా పనంతా.

4. హాబీని ఫోన్‌లోంచే వెతకండి

"బొమ్మలు వెయ్యి, వీణ నేర్చుకో" అని మీ చిన్నప్పటి కోరికలు వాళ్ళ మీద పెట్టకండి. నాలుగో గడిలో పిల్లలు ఏం చూస్తున్నారో అడిగి తెలుసుకోండి. ఊరికే చూసేవాటిలోనే ఇష్టం ఎటువైపుందో బయటపడుతుంది. దానికి దగ్గరగా, చేత్తోనో కాళ్ళతోనో చేసే పనిని ఈ ప్రాంతంలో వెతకాలి.

బొమ్మలు, డిజైన్లు, మెహందీ వీడియోలు చూసే పిల్లలుంటే నేను మొదట చెప్పేది శ్రీకాళహస్తి కలంకారీ. తిరుపతికి 40 కిలోమీటర్ల లోపే. ఒక ఆదివారం తీసుకెళ్ళి, ఇళ్ళలో కలం పట్టుకుని పనిచేసేవాళ్ళను చూపించండి. అడిగితే చాలామంది ఓపిగ్గా చెబుతారు. తర్వాత ఇంట్లో చిన్నగా మొదలుపెట్టవచ్చు. అర మీటరు తెల్లటి నూలు గుడ్డ తీసుకుని గంజి పోయేలా బాగా ఉతకాలి. కరక్కాయ పొడిని గేదె పాలలో కలిపి గుడ్డను నానబెట్టి ఎండలో ఆరేయాలి. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకిపోదు. చింత పుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీయాలి. వెదురు పుల్లను మొన చెక్కి, పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో కడితే కలం తయారు. చుట్టిన గుడ్డ రంగును పీల్చుకుంటుంది, వేళ్ళతో కొంచెం నొక్కితే మొనలోకి దిగుతుంది.

నల్ల రంగుకు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు ఊరబెడతారు. ఆ నీళ్ళు చూడ్డానికి అంత నల్లగా ఉండవు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీయగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, నీళ్ళలోని ఇనుము కలిసి చేసే పని అది. రసాయన శాస్త్రం బట్టీ పడుతున్న పదో తరగతి పిల్లలు దీన్ని కళ్ళతో చూస్తే వదలరు. ఎర్ర రంగు రావాలంటే ముందు పటిక నీళ్ళు పూసి, ఆరాక ఎర్ర రంగునిచ్చే మొక్కల వేళ్ళు వేసి ఉడికించాలి, పటిక పడిన చోటే రంగు నిలుస్తుంది. పసుపుకు కరక పువ్వు, నీలానికి నీలిమందు. మొదట నలుపు ఒక్కటే చాలు. ఒక చిన్న నెమలి బొమ్మకే వారాలు పడుతుంది, అది మంచిదే. రంగు ఊరే రోజుల్లో పిల్లలు కుండ మూత తీసి చూస్తుంటారు. అలా ఎదురుచూడడం రీల్స్‌లో దొరకదు.

కొయ్య పని మీద ఆసక్తి ఉంటే ఏర్పేడు దగ్గర మాధవమాల ఉంది, ఊరంతా దేవుడి బొమ్మలు చెక్కేవాళ్ళు. ఉలి పట్టడం యూట్యూబ్ చూసి నేర్చుకునేది కాదు, పక్కన పెద్దవాళ్ళు లేకుండా వద్దు. చిత్తూరు వాళ్ళకు పలమనేరు వైపు మట్టి బొమ్మలు చేసే కుటుంబాలు దగ్గర.

డాన్స్ రీల్స్ చూసే పిల్లలకు, పాటలు పాడుకునే పిల్లలకు తిరుపతిలో దొరికే అవకాశం పెద్ద నగరాల్లో కూడా అంత సులువుగా దొరకదు. టీటీడీ నడిపే ఎస్వీ సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఉంది. గాత్రం, వీణ, వేణువు, మృదంగం, భరతనాట్యం, కూచిపూడి అక్కడ నేర్పుతారు. ఏ వయసు వాళ్ళను తీసుకుంటారు, చదువుకునే పిల్లలకు వీలయ్యే వేళలున్నాయా అని స్వయంగా వెళ్ళి కనుక్కోండి. అక్కడ కుదరకపోతే అక్కడ చదువుకుని ఇళ్ళ దగ్గర నేర్పేవాళ్ళు ఊళ్ళో ఉంటారు. రీల్స్‌లో చూసిన సినిమా పాటకు మృదంగం మీద తాళం పట్టుకుంటే పట్టుకోనివ్వండి. శాస్త్రీయం తర్వాత దానంతటదే వస్తుంది, రాకపోయినా నష్టం లేదు.

వేషాలు, మేకప్ వీడియోలు ఇష్టపడే పిల్లలకు మే నెలలో గంగ జాతర కంటే ఏం కావాలి? బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పొడి, వేపాకు. రంగులు కలుపుకోవడం, దండలు కట్టుకోవడం, స్నేహితులను పోగేసుకోవడం, ఇవన్నీ వారం ముందు నుంచే చేసే పనులు. సరిగ్గా వేసవి సెలవుల్లోనే వస్తుంది. ఇంట్లో అమ్మమ్మో తాతో ఉంటే ఏ రోజు ఏ వేషమో వాళ్ళనే చెప్పమనండి.

జంతువులు, పక్షులు, అడవుల వీడియోలు చూసే పిల్లలకు ఒక నోట్‌బుక్, కుదిరితే ఒక బైనాక్యులర్ చాలు. శేషాచలం కొండలు 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయ్యాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. రాతి పగుళ్ళలో ఉండే బంగారు బల్లి ఈ కొండల్లో కనిపిస్తుంది. అడవిలోకి వెళ్ళక్కర్లేదు, యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల కింద పొద్దున గంటసేపు నడిస్తేనే పేజీ నిండుతుంది. పక్షి పేరు తెలియకపోతే కూత రికార్డు చేసి చెప్పే మెర్లిన్ యాప్ ఉంది. ఇక్కడ ఫోన్ పనిముట్టు అవుతుంది, దాన్ని అడ్డుకోవద్దు. శీతాకాలంలో ఒకసారి నేలపట్టుకు, పులికాట్‌కు తీసుకెళ్ళండి. 2022లో జిల్లాలు మారాక ఆ రెండూ తిరుపతి జిల్లాలోకే వచ్చాయి. నేలపట్టులో చెట్ల మీద గూడబాతుల గూళ్ళు, పులికాట్ నీళ్ళలో రాజహంసలు చూసిన పిల్లలు ఆ నోట్‌బుక్‌ను పారేయరు.

రాకెట్లు, ఆకాశం ఇష్టమైతే శ్రీహరికోట కూడా మన జిల్లాలోనే. ప్రయోగాలు చూడడానికి 2019లో ఇస్రో గ్యాలరీ తెరిచింది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ రోజు దాకా చేసుకునే పని ఇక్కడే ఉంటుంది. అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి వెళ్ళి రండి, తర్వాత అట్టతో, ప్లాస్టిక్ సీసాతో చిన్న నీటి రాకెట్ చేయించండి.

గేములు ఆడేవాళ్ళను ఆటల వైపు తిప్పడం సులువనుకుంటారు, నిజానికి కొంచెం కష్టం. వాళ్ళకు కావాల్సింది పోటీ, జట్టు, లెవెల్ పెరగడం. చెస్‌లో, బ్యాడ్మింటన్‌లో, కబడ్డీలో అవన్నీ ఉన్నాయి. కానీ అదే జట్టులోని ఒక స్నేహితుడు కూడా వస్తేనే మొదటి నెల నిలబడతారు. ఆ పిల్లాడి తల్లిదండ్రులతో ముందు మీరు మాట్లాడండి. ఏదీ కుదరకపోతే నడక ఉంది. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి శ్రీవారి మెట్టు సుమారు 2,400 మెట్లు, అలిపిరి దారి 3,550. 5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నెలకోసారి మెట్లెక్కాలన్న లక్ష్యం ఉంటే రోజూ నడవడానికి కారణం దొరుకుతుంది. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయింది. ఆ తర్వాత పిల్లలతో ఏ వేళ దాకా నడవనివ్వాలో టీటీడీ ఆంక్షలు పెట్టింది. బయల్దేరే ముందు ఆ వేళలు కనుక్కోండి, ఉదయమే వెళ్ళండి, పిల్లలను ముందుకు పరిగెత్తనివ్వకండి.

వంట, మిద్దె తోట, సైకిల్ రిపేరు, శాఖా గ్రంథాలయంలో పుస్తకాలు, ఇవన్నీ మంచివే. ఖర్చు తక్కువ. కానీ ఇంట్లోనే చేసే పనులు కాబట్టి ఫోన్ పక్కనే ఉంటుంది. బయటికి వెళ్ళే హాబీ ఒకటి కుదిరాక వీటిని రెండోదిగా పెట్టుకోండి.

5. మొదటి నెల ఎలా నడపాలి

వారానికి రెండు రోజులు, ఒకే వేళ. రోజూ అంటే పది రోజుల్లో ఆగిపోతుంది. నాలుగో గడిలో ఎక్కువగా కనిపించిన వేళనే దానికి ఇవ్వండి. రాత్రి ఎనిమిదికి రీల్స్ చూసే పిల్లలను పొద్దున ఆరింటి క్లాసులో చేరిస్తే ఆ రాత్రి అలాగే మిగిలిపోతుంది.

మొదటి రెండుసార్లు మీరూ వెంట వెళ్ళండి. దింపేసి వచ్చేయడం కాదు, కాసేపు కూర్చోండి, మీ ఫోన్ జేబులోనే ఉంచండి. నేర్పే మనిషి మీ పిల్లలను పేరు పెట్టి పిలిచేదాకా ఆ చోటు పరాయిగానే ఉంటుంది. "మొన్న ఎందుకు రాలేదు?" అని అక్కడ ఒకరు అడగడం మొదలయ్యాక మీరు గుర్తు చేయాల్సిన పని సగం తగ్గుతుంది.

ఆరు క్లాసుల దాకా మానకూడదని ఒప్పందంలో రాయించండి. మూడో క్లాసుకు బోర్ కొట్టడం ఖాయం. కొత్తగా వెళ్ళిన ఉత్సాహం అప్పటికి అయిపోతుంది, చేతికి పని ఇంకా పట్టుబడదు. ఆరు అయ్యాక నిజంగా వద్దంటే మాన్పించండి, కోపం లేకుండా ఇంకొకటి వెతకండి. మారేది హాబీ, ఆ సాయంత్రం వేళ మాత్రం అలాగే ఉండాలి.

ఇక తల్లిదండ్రులు తమకు తెలియకుండానే పాడుచేసే పద్ధతులు రెండున్నాయి. మొదటిది, హాబీని ఇంకో సబ్జెక్ట్ చేయడం. చెస్ నేర్చుకుంటున్నాడని తెలియగానే టోర్నమెంట్ ఎప్పుడు, ర్యాంక్ ఎంత, సర్టిఫికెట్ ఇస్తారా అని మొదలవుతుంది. పొద్దున్నుంచీ మార్కుల మధ్యే బతికే పిల్లలు మార్కులు లేని చోటు కోసం వెళ్తారు. అక్కడికీ మార్కులు తీసుకెళ్తే మళ్ళీ ఫోన్‌లోనే దాక్కుంటారు. రెండోది, వాళ్ళ బొమ్మనో పాటనో అడగకుండా మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం. పదిహేనేళ్ళ పిల్లకు తన సగం చేసిన పని నలుగురూ చూడడం సిగ్గుగా ఉంటుంది. అడిగి, సరే అంటేనే పెట్టండి.

6. హాస్టల్ పిల్లలు, పరీక్షల సంవత్సరం

రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివే పిల్లల సంగతి వేరు. అక్కడ ఫోన్ ఇవ్వరు, ఇంటికొచ్చిన మూడు రోజులూ ఫోన్ వదలరు. మొదటి రోజు వదిలేయండి. స్నేహితుల కబుర్లు, పోగుపడిన మెసేజ్‌లు, నెలల తరబడి చూడని సినిమాలు, అవన్నీ వాళ్ళకు అవసరమే. రెండో రోజు సాయంత్రం చంద్రగిరి కోటకో, తలకోనకో, లేదా ఊళ్ళో ఉన్న పాత స్నేహితుల ఇంటికో ముందే అనుకుని తీసుకెళ్ళండి. హాస్టల్‌కు వెళ్ళేటప్పుడు బ్యాగులో చిన్న స్కెచ్ బుక్, రూబిక్ క్యూబ్, మౌతార్గాన్ లాంటిది ఏదైనా పెట్టండి. స్టడీ అవర్స్ మధ్య దొరికే పది నిమిషాలకు అవి సరిపోతాయి.

పదో తరగతి, ఇంటర్ రెండో ఏడాది వచ్చిందంటే చాలామంది మొదట కోసేది హాబీనే. దాన్ని తగ్గించండి, తీసేయకండి. వారానికి రెండు సాయంత్రాలు ఒకటి కావచ్చు, రెండు గంటలు ముప్పావు గంట కావచ్చు. పూర్తిగా తీసేసిన ఇళ్ళలో ఆ గంట చదువుకు వెళ్ళదు, ఫోన్‌కే వెళ్తుంది. ఎవరింట్లో చూసినా ఇదే.

7. ఇంట్లో తేలని విషయాలు

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో మెతకగా ఉండకండి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే వాటిని నిషేధించింది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. మీ యూపీఐ పిన్ పిల్లలకు తెలిసి ఉంటే ఈరోజే మార్చండి. డబ్బు పోయిందని తెలిస్తే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, తిట్టడం తర్వాత చూసుకోవచ్చు. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. భయంతో దాచిపెట్టిన పిల్లలు ఇంకా లోతుకు వెళ్తారు. అందుకే "ఏం జరిగినా నాకు చెప్పు, కొట్టను" అన్న మాట ముందుగానే అని ఉంచండి, ఆ మాట మీద నిలబడండి.

కొన్ని వారాలుగా రాత్రంతా మేలుకుని పగలు పడుకోవడం, బడికి వెళ్ళనని మొండికేయడం, తిండి మానడం, ఫోన్ తీస్తే వస్తువులు విసరడం, తనను తాను గాయపరచుకుంటానని అనడం, వీటిలో ఏది కనిపించినా ఈ కాగితాలు, హాబీలు పక్కన పెట్టి డాక్టరును కలవండి. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక ఆరోగ్య సలహాకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. బెంగళూరులోని నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య సంస్థలో ఫోన్, గేమ్‌ల వాడకం చేయి దాటిన వాళ్ళ కోసం 2014 నుంచి షట్ క్లినిక్ అని ప్రత్యేకంగా నడుపుతున్నారు. చిత్తూరు నుంచి అది దూరం కాదు. బంధువులకు తెలుస్తుందని ఆలస్యం చేయకండి. జ్వరమొస్తే తీసుకెళ్ళినట్టే ఇదీ.

8. నెలన్నర తర్వాత

ఆ నోట్‌బుక్ మళ్ళీ తీయండి. అవే నాలుగు గడులు, మళ్ళీ ఒక ఆదివారం, మళ్ళీ మీ ఫోన్‌తో మొదలు. మొత్తం గంటలు పెద్దగా తగ్గకపోవచ్చు. నాలుగో గడిలోంచి ఏ వేళ ఖాళీ అయిందో చూడండి. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు ఖాళీగా కనిపిస్తే పద్ధతి పనిచేస్తోందన్నమాట. ఆదివారం మధ్యాహ్నం ఇంకా నిండుగానే ఉంటే తర్వాత పట్టించుకోవాల్సింది అదే. దానికి క్లాసు వెతకొద్దు, ఇంట్లో నలుగురూ కలిసి చేసే పని చూడండి. మామిడి కాలమైతే తోతాపురి కాయలు తెచ్చి ఆవకాయకు ముక్కలు కొట్టించవచ్చు, చలికాలమైతే మధ్యాహ్నమే బయల్దేరి కల్యాణి డ్యామ్ వైపు వెళ్ళి రావచ్చు.

జూన్‌లో బడులు తెరిచాక వేళలన్నీ మారిపోతాయి, ట్యూషన్లు మారతాయి, కొత్త స్నేహితులు వస్తారు. ఆ వారంలోనే ఫ్రిజ్ మీది కాగితం తీసి, పనికిరాని మాటలు కొట్టేసి, కొత్త కాగితం రాయండి. ఈసారి కలం పిల్లల చేతికివ్వండి.